కంపైలర్ అవునంది, పెట్టె కాదంది

నవంబరు నెల, రెండో మంగళవారం. ఉదయం తొమ్మిది గంటలు. దోహా, అల్ సద్ ఆఫీసు, మూడో అంతస్తు.
హాజరు: మేనేజరు గారు, ప్రోగ్రామర్ అమ్మాయి, నేను.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఏ సమావేశానికి వెళ్ళినా ముందు తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో రాసుకుని, ఆ తర్వాతే మాటలు వినడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు అలవాటు. అయితే ఆ జాబితా తప్పు. గదిలో మేం నలుగురం ఉన్నాం. నాలుగో మనిషి మా వ్యాన్ డ్రైవరు. కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి తలుపు పక్కన నిలబడ్డాడు. నిలబడి ఉన్న మనిషిని నేను జాబితాలో వేయలేదు. అసలు ఆ సమావేశం జరిగిందే అతని గురించి.

ముందు మేం చేసే పని చెప్పాలి. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. పశువైద్యశాలల్లో తీసే ఎక్స్‌రే బొమ్మలను తేటగా చేసి చూపించే ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్ళం. అల్ షహానియాలో పందెపు ఒంటెలకు వైద్యం చేసే క్లినిక్ ఒకటి మా ప్రోగ్రామ్ వాడేది. వాళ్ళ దగ్గర రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి క్లినిక్ గదిలో ఉంటుంది. రెండోది చక్రాల బండి మీద బిగించిన పెట్టె. బ్యాటరీతో నడుస్తుంది. నడవలేని ఒంటె ఉంటే మా వ్యాన్‌లో ఆ పెట్టెను దొడ్డి దాకా తీసుకెళ్ళాలి. ఆ వ్యాన్ నడిపేది, పెట్టె దించేది, ఎక్కించేది, అందులో మేమిచ్చిన కొత్త ప్రోగ్రామ్ వేసేది మా డ్రైవరే.

నా ఉద్యోగం బిల్డ్. అంటే ప్రోగ్రామర్లు రాసినదాన్ని కంపైలర్ అనే అనువాద ప్రోగ్రామ్‌కు అప్పగించి, యంత్రం మీద నడిచే రూపంలోకి తేవడం. వంటవాళ్ళు వేరే ఉంటారు, వడ్డన నాది అని మా వాళ్ళతో హాస్యానికి అనేవాణ్ణి. వడ్డనలో తప్పేం జరుగుతుందిలే అని లోపల నమ్మకం.

ఆ నెల మొదట్లో కొత్త ప్రోగ్రామ్ ఇచ్చాం. గదిలో కంప్యూటర్ మీద అది చక్కగా, ఇదివరకటికన్నా చాలా వేగంగా నడిచింది. బండి మీది పెట్టెలో మాత్రం తెరుచుకునేది, మెనూలన్నీ కనిపించేవి, ఎక్స్‌రే బొమ్మ మీద నొక్కగానే తెర మీది ప్రోగ్రామ్ కిటికీ మొత్తం మాయమయ్యేది. క్లినిక్ డాక్టరు గారు ఫిర్యాదు పంపారు. జవాబు రాయమని మేనేజరు నాకు చెప్పాడు. నేను రాశాను. నకలు డైరీలో అతికించి ఉంది కాబట్టి మాట పొల్లు పోకుండా చెప్పగలను: "మా ప్రోగ్రామ్‌లో లోపం లేదు. రెండు కంపైలర్లతోనూ పరీక్షలన్నీ నెగ్గాయి. రవాణాలో కుదుపుల వల్ల పెట్టె దెబ్బతిని ఉండవచ్చు."

నేను "ఉండవచ్చు" అని రాశాను. మేనేజరు "దెబ్బతింది" అని చదువుకున్నాడు. ఆయనది జోర్డాన్. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. గదిలో ఉన్న కంప్యూటర్ బాగుంది, రోడ్డు మీద తిరిగేది చెడింది, ఇక విచారణ ఎందుకని ఆయన వాదన. గురువారం కల్లా డ్రైవరు వ్యాన్ తాళాలు ఇచ్చేసి, అతన్ని మాకు పంపిన లేబర్ కంపెనీకి తిరిగి వెళ్ళిపోవాలని ఆ మంగళవారం ఉదయం తేల్చేశాడు.

దాని అర్థం ఏమిటో గదిలో నాకు, డ్రైవరుకు మాత్రమే తెలుసు. అతనిది జగిత్యాల వైపు పల్లె. ఖతార్ వచ్చి ఆరేళ్ళు సైటు పనిలో ఇనుప కడ్డీలు కట్టాడు. డ్రైవింగ్ పరీక్ష మూడుసార్లు తప్పి, నాలుగోసారి నెగ్గాడు. మా వ్యాన్ ఎక్కి రెండేళ్ళయింది. తిరిగి వెళ్ళడమంటే మళ్ళీ క్యాంపు, మళ్ళీ ఎండ, మళ్ళీ కడ్డీలు. నలభై రెండేళ్ళ మనిషి.

అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆఫీసులో అతని మాట మేనేజరుకు చేరేది నా నోటి మీదుగానే. అతను నావైపు తిరిగి, గొంతు పెంచకుండా, ఒక్క మాట అన్నాడు.

"సార్, పెట్టె పలిగితే పాత ప్రోగ్రాం గూడ నడువద్దు గదా. పాతది ఏసి చూసిన, మంచిగ నడిచింది. గిదొక్కటి చెప్పుర్రి ఆయనకు."

ఆ మాట నేను చెప్పలేదు. "పెట్టెను జాగ్రత్తగానే మోశానంటున్నాడు" అని మాత్రం ఇంగ్లీషులో చెప్పాను. అనుమతి లేకుండా క్లినిక్ యంత్రంలో పాత ప్రోగ్రామ్ వేశాడని తెలిస్తే మేనేజరు ఇంకా మండిపడతాడని, అతని మేలు కోరే దాచానని ఆ నిమిషంలో నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ మాట నిజమైతే నేను సంతకం పెట్టిన జవాబు అబద్ధమవుతుంది.

డ్రైవరు నా ఇంగ్లీషు విన్నాడు. ఎంత రాకపోయినా, తాను చెప్పినంత పొడుగు నేను చెప్పలేదని తెలియనంత అమాయకుడు కాదు. "అచ్ఛా సార్" అని బయటికి పోయాడు.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచాను. నజ్మాలోని తెలుగు మెస్ నుంచి ఆ డబ్బా తెచ్చేది కూడా అతనే. అతని గది ఆ సందులోనే. తాళాలు పోతాయని తెలిసిన రోజు కూడా నా పచ్చిపులుసు గిన్నె ఒలకకుండా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తింటూ, ఉదయం రాసుకున్నది సరిచూద్దామని డైరీ తీశాను. హాజరు జాబితా కింద మేనేజరు మాట, నా మాట, వాటి కింద డ్రైవరు మాట ఉన్నదున్నట్టు తెలుగులో ఉన్నాయి. చెవి విన్నది చెయ్యి రాసేసింది. నోరే మింగేసింది.

అప్పుడు ఇంజనీరులాగా చదివాను. పెట్టె పగిలితే పాతదీ నడవకూడదు. పాతది నడిచింది. అంటే పెట్టె బాగానే ఉంది. ఇంతకంటే శుభ్రమైన పరీక్ష ఏ ప్రయోగశాలలోనైనా ఉంటుందా? జీతం తీసుకుని నేను చేయాల్సిన పరీక్షను వ్యాన్ డ్రైవరు చేశాడు. చేసి కూడా ఉద్యోగం పోగొట్టుకుంటున్నాడు.

సగం డబ్బా మూసేసి కిందికి దిగాను. వ్యాన్ తుడుస్తున్నాడు. గురువారం అప్పగించాల్సిన బండిని అంత శ్రద్ధగా ఎందుకు తుడుస్తున్నాడో అడగలేదు. షహానియా పోదాం పద అన్నాను.

దుఖాన్ రోడ్డు ఎక్కాం. నవంబరు కాబట్టి అద్దాలు దించుకుని వెళ్ళగలిగాం. నేనే అడిగాను, పాత ప్రోగ్రామ్ నీ దగ్గర ఎందుకు ఉందయ్యా అని. కొత్తది వేశాక పాత పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేయాలన్నది మా నియమం. ఆ నియమం రాసిందీ నేనే.

"బాయికాడ కొత్త మోటరు బిగిస్తే పాతదాన్ని వెంటనే అమ్ముతమా సార్? వారం పది దినాలు కొత్తది నడిచేదాక మూలకు పెడ్తం. గంతే."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పిన గద సార్, పొద్దున."

అది ఎత్తిపొడుపు కాదు. ఉన్న సంగతి చెప్పాడు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. కాసేపటికి అతనే జాలిపడి మాట మార్చాడు. వాళ్ళ అమ్మకు ఖతార్ అన్న పేరు ఎనిమిదేళ్ళయినా నోరు తిరగలేదట. దుబాయ్‌లో ఒంటెలకు ఫొటోలు తీసే పని చేస్తున్నాడని ఊళ్ళో అందరికీ చెబుతోందట. "ఒంటెల లగ్గాలకు ఫొటోలు తీస్తడా అని అడుగుతున్రంట సార్" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

క్లినిక్‌లో డాక్టరు గారు సూడాన్ దేశస్థుడు, నెమ్మదైన మనిషి. పెట్టెను బల్ల పక్కకు లాగించి, నా ఎదుటే పాతది వేసి చూడమన్నాను. డ్రైవరు చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. దానికి ఎర్రదారం ముడి వేసి ఉంది, ఇది పాతది అని గుర్తు. పాత ప్రోగ్రామ్‌లో బొమ్మ వచ్చింది. కొత్తది వేశాడు. తెరుచుకుంది. నొక్కాం. మాయమైంది. ఇలా మూడుసార్లు చేశాం. ఆ తర్వాత నేను యంత్రం లోపలి చిట్టా తెరిచి చూశాను. తనకు తెలియని ఆదేశం వచ్చిందని, అందుకే ప్రోగ్రామ్‌ను ఆపేశానని ప్రాసెసర్ చెప్పుకుంది. ప్రతిసారీ అదే మాట. దెబ్బతిన్న పెట్టె ఒక్కోసారి ఒక్కోలా తడబడుతుంది. ఇది ప్రతిసారీ ఒకే చోట, ఒకే కారణంతో ఆగిపోతోంది.

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి, మా ప్రోగ్రామర్ అమ్మాయిని నా బిల్డ్ స్క్రిప్టు తెరవమన్నాను. కేరళ అమ్మాయి, వయసులో నా కూతురికన్నా చిన్నది, బుర్రలో నాకన్నా పెద్దది. రెండు నిమిషాలు చదివి, మెల్లగా ఒక ప్రశ్న అడిగింది.

"సార్, ఈ ప్రశ్న మీరు ఎవరిని అడుగుతున్నారు?"

ఆ ప్రశ్న సంగతి మీకు విడమరచి చెప్పాలి. ఈ వ్యాసంలో సాంకేతిక విషయం ఇదొక్కటే, ఓపిక పట్టండి.

కొన్ని ప్రాసెసర్లకు ఒకే దెబ్బకు ఎనిమిది లెక్కలు చేసే ప్రత్యేక ఆదేశాలు ఉంటాయి. వాటిని ప్రోగ్రామ్‌లో పేరు పెట్టి పిలవడానికి వాడేవే ఇంట్రిన్సిక్స్. బొమ్మలు తేటచేసే పనికి అవి వరం. చవకరకం ప్రాసెసర్లకు, బ్యాటరీ ఆదా చేసేవాటికి అవి ఉండకపోవచ్చు. మా బండి పెట్టెలో ఉన్నది ఆ రకం. అందుకని నా స్క్రిప్టు బిల్డ్ మొదలయ్యే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టేది. ఆ ఆదేశం ఒకటి ఉన్న నాలుగు వరుసల ముక్కను కంపైలర్‌కు ఇచ్చేది. కంపైలర్ ఒప్పుకుంటే "ఉంది" అని రాసుకుని వేగం దారిలో ప్రోగ్రామ్ తయారుచేసేది. ఒప్పుకోకపోతే "లేదు" అని రాసుకుని మామూలు దారి పట్టేది.

మేం ఏళ్ళ తరబడి వాడిన మొదటి కంపైలర్ పట్టుదల మనిషి లాంటిది. విడిగా అనుమతి మీట ఇస్తే తప్ప ఆ ఆదేశాలను ఒప్పుకోదు. ఆ మీట నేనెప్పుడూ ఇవ్వలేదు. కాబట్టి జవాబు ఎప్పుడూ "లేదు". ప్రోగ్రామ్ మామూలు దారిలో, అన్ని పెట్టెల మీదా, నెమ్మదిగా నడిచేది. ఏదీ ఎప్పుడూ చెడలేదు కనుక నా పరీక్ష గొప్పదని నేను అనుకున్నాను. అంతకు నెల ముందు బయటివాళ్ళు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఒకటి వాడాల్సి వచ్చి రెండో కంపైలర్ తెచ్చాం. ఇది ఉదార స్వభావం గలది. ఏ అనుమతీ అడగదు, ఏ ఆదేశం పేరు చెప్పినా సరేనంటుంది. నా స్క్రిప్టు అడిగింది, అది అవునంది. ఆ పూట డైరీలో నా చేతిరాత: "రెండో కంపైలర్: ఇంట్రిన్సిక్స్ ఉన్నాయి. వేగం బాగా పెరిగింది. సంతోషం." పక్కన టిక్కు గుర్తు కూడా ఉంది.

నేను అడిగింది ఎవరిని? కంపైలర్‌ని. నడవాల్సింది ఎవరు? బండి మీది పెట్టె. పెళ్ళిళ్ళ పేరయ్యను అడిగి, పిల్ల ఒప్పుకుందని శుభలేఖలు అచ్చువేయించినట్టు చేశాను. ఆఫీసు యంత్రాలన్నీ ఖరీదైనవి కావడంతో మా పరీక్షల్లో లోపం బయటపడలేదు.

తిరుగు ప్రయాణంలో డ్రైవరుకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే పెట్టెది తప్పు లేదు, నాది తప్పు లేదు" అన్నాడు. మూడో పేరు ఎత్తలేదు. నేనే ఎత్తాను. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "అయితది సార్" అన్నాడు.

ఆఫీసు చేరేసరికి ఆ అమ్మాయి సగం పని చేసి పెట్టింది. వేగం దారికి చెందిన భాగాన్ని విడిగా ఒక ఫైల్లో పెట్టాం. మొదటి కంపైలర్‌కు అనుమతి మీట ఆ ఒక్క ఫైలుకే ఇచ్చాం. మొత్తం ప్రోగ్రామ్‌కు ఇస్తే ఆ ఆదేశాలు మనకు తెలియకుండానే ఎక్కడెక్కడో దూరతాయి. కంపైలర్‌ని ఇక "ఇది తయారుచేయగలవా" అని మాత్రమే అడుగుతాం. "నీకు ఇది ఉందా" అన్న ప్రశ్న ప్రోగ్రామ్ మొదలైనప్పుడు అక్కడి ప్రాసెసర్‌నే అడగాలి. ఆ అడిగే పద్ధతి కూడా రెండు కంపైలర్లకు రెండు రకాలు. కాబట్టి ఇద్దరం చెరొకటి రాశాం. ప్రాసెసర్ ఉందన్నా ఆపరేటింగ్ సిస్టమ్ సహకరించాలి, దాన్నీ అడగాలని ఆమె గుర్తుచేసింది. నాకు తట్టలేదు. ఏ దారి ఎంచుకున్నదో తెలిపే వరుస ఒకటి తెర అడుగున కనిపించేలా నేను చేర్చాను. సూర్యాస్తమయపు మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు పని పూర్తయింది.

అయితే అలాంటి చవక ప్రాసెసర్ ఉన్న యంత్రం ఆఫీసులో ఒక్కటీ లేదు. అసలు పరీక్ష మర్నాడు బండి మీది పెట్టె దగ్గరే.

మేనేజరు ఇంటికి బయలుదేరుతుండగా ఆపి, కొత్త జవాబు ఇచ్చాను. అందులో తప్పు నాదని, పాత ప్రోగ్రామ్ వేసి దాన్ని కనిపెట్టింది డ్రైవరని రాశాను. ఉదయం అతని మాట పూర్తిగా చెప్పలేదని నోటితో కూడా చెప్పాను. ఆయన నిలబడే చదివాడు. ఇన్నేళ్ళలో మీ కాగితాన్ని నేను రెండోసారి చదవాల్సిన అవసరం రాలేదే అన్నాడు. ఆయన అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. చివరికి రెండు మాటలు చెప్పాడు. రేపు ఉదయం పెట్టె నడిస్తే తాళాలు అతని దగ్గరే ఉంటాయి, నడవకపోతే గురువారం గురువారమే. నడిచినా నడవకపోయినా ఆ పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకోవాలి, నియమం నియమమే. అవును, అది నా నియమమే.

కింద ఎదురుచూస్తున్న డ్రైవరుకు ఈసారి ఒక్క మాట మినహాయించకుండా అన్నీ తెలుగులో చెప్పాను. పెన్‌డ్రైవ్ సంగతి కూడా. "సరే సార్. పొద్దుగాల ఆరింటికే పోదాం, ట్రాఫిక్ ఉండది" అన్నాడు.

మర్నాడు బుధవారం. ఏడు కాకముందే క్లినిక్‌లో ఉన్నాం. ముందరి కాలి మోకాలు వాచిన పందెపు ఒంటె ఒకటి ఆవరణలో కూలబడి ఉంది. దాని కాపరి మెడ మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. ఒంటె నచ్చని ముఖం పెట్టి వింటోంది. డ్రైవరు పెట్టెను దాని పక్కకే దొర్లించుకొచ్చి, కొత్త ప్రోగ్రామ్ వేశాడు. డాక్టరు గారు ఎక్స్‌రే తీశారు. బొమ్మ పేరు తెర మీదికి వచ్చింది. నొక్కమని డ్రైవరు నాకు సైగ చేశాడు. నువ్వే నొక్కు అన్నాను. ప్యాంటుకు వేలు తుడుచుకుని నొక్కాడు.

కిటికీ కదలలేదు. మాయం కూడా కాలేదు. గదిలో కంప్యూటర్ కంటే కాస్త నెమ్మదిగా, పై నుంచి కిందికి, మోకాలి ఎముక తేటగా తెర మీదికి దిగింది. అడుగున నా వరుస: "ప్రత్యేక ఆదేశాలు లేవు. మామూలు దారి." ఎముక విరగలేదని డాక్టరు గారు చూడగానే చెప్పారు. కాపరి ఆ మాట ఒంటెకు అందజేశాడు.

మేనేజరుకు ఫోన్ చేశాను. "ఖలాస్" అన్నాడు. పదింటికి ఇంకో దొడ్డికి పెట్టె వెళ్ళాలి, క్లినిక్‌లోనే కబుర్లలో పడిపోవద్దని డ్రైవరుకు చెప్పమన్నాడు. ఆయన భాషలో అది క్షమాపణ. మాట పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను. డ్రైవరు తల ఊపాడు. తాళాలు జేబులో ఉన్నాయో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

అప్పుడు పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాపాను. ఎర్రదారం పట్టుకుని బయటికి తీశాడు. నా చేతిలో పెట్టలేదు. నా చేతి వంకా, పెట్టె వంకా చూశాడు.

"మీరు మంచిగనే చేసిన్రు సార్. అయినా గీ వారం దినాలు నా తాన్నే ఉండనియ్యుర్రి."

ఆ ఉదయం డైరీ పేజీ ఇప్పుడు నా ఎదురుగా ఉంది. హాజరు: డ్రైవరు, డాక్టరు గారు, కాపరి, ఒంటె, నేను. దాని కింద ఒకే వాక్యం: పెన్‌డ్రైవ్ తీసుకోలేదు.